మధ్యాహ్నమునకు బేగెల్ రొట్టెలు

ఇంటిల్లిపాదికిని వడ్డించి, గిన్నెలు సర్దుకొని, గృహిణి తాను విస్తరి ముందు కూర్చుండువేళకు ఆదివారమునాడు రెండున్నర దాటుట మీకును అనుభవమే. పులుసు చల్లారియుండును, ఆకలియు చల్లారియుండును. మా యింట పదునాలుగేండ్లు ఇట్లే జరిగినది. మొన్న వేసవిలో మాకు కన్నులు తిరిగి వంటయింటనే కూలబడగా, వైద్యురాలు పరీక్షించి, రక్తహీనత యనియు, వేళకు తినవలెననియు చెప్పినది. మా వారు వినిరి గాని, ఆదివారపు వంట తగ్గు నుపాయ మెవ్వరికిని తోచలేదు.

ఆ మాసముననే అమెరికానుండి వచ్చిన మా మేనకోడలు బేగెల్ అను రొట్టెను గూర్చి చెప్పినది. ఇది కడియమువలె గుండ్రముగా, నడుమ చిల్లుతో నుండును. పోలండు దేశపు యూదుల యిండ్లలో చిరకాలముగా నున్నది. 1610లో క్రాకో పట్టణపు యూదుల కట్టుబాట్లలోనే దీని పేరు కలదు. వలసపోయినవారితో న్యూయార్కునకును, కెనడాలోని మాంట్రియలునకును చేరినది. ఈ చరిత్ర యంతయు బాగుగనే యున్నది గాని, "ముందురోజు రాత్రియే చుట్టి పెట్టుకొనవచ్చును, అత్తయ్యా" అని ఆమె యన్న మాటయే మా చెవిని నిలిచినది.

దీని మర్మమంతయు ఉడికించుటలో నున్నది. తక్కిన రొట్టెలను పిండి పొంగగానే కాల్తురు. దీనిని ముందు మరుగునీట వేసి తీసి, పిదప కాల్తురు. నీటివేడికి పైపిండి జిగురై బిగిసికొనును. కావున లోపలిపిండి మితిమీరి పొంగజాలక, నమలుటకు సాగుడుగా నుండును. పైన మెరుపును వచ్చును. మరుగునీట పిండి పోసి యుడికించి, కడియములుగా చుట్టి చేగోడీలు చేయు మనకిది అంత వింత గాదు. ఆ నీటిలో కొందరు మొలకెత్తిన బార్లీ పాకమును, మాంట్రియలు వారు తేనెను కలుపుదురు. చెరకుసీమయగు చోడవరమున తేనె యెందులకు? మేము బెల్లము వేసితిమి. రొట్టెకు వచ్చిన యెరుపు చూచి మేనకోడలే అచ్చెరువందినది.

మా కొలత యిది: మైదా అరకిలో, గోరువెచ్చని నీరు సుమారు 280 మిల్లీలీటర్లు, పొడి ఈస్టు చెంచాడు, ఉప్పు చెంచాన్నర, బెల్లపుపొడి చెంచాడు. పది నిమిషములు బలముగా మర్దించి, మూతవేసి గంటసేపుంచి, ఎనిమిది ఉండలు చేసి, నడుమ వ్రేలు దూర్చి చిల్లును వెడల్పుగా సాగదీయవలెను. లేనిచో పొంగునప్పుడు పూడిపోవును. రాత్రి ఫ్రిజ్జులో నుంచి, ఉదయమున రెండు లీటర్ల మరుగునీట రెండు పెద్ద చెంచాల బెల్లము కరగించి, ఒక్కొక్క ప్రక్క నిమిషముచొప్పున ఉడికించి, చిల్లులగరిటెతో తీసి, తడియారకమున్నే నువ్వులు చల్లవలెను.

ఓవెను మాకు లేదు. దిబ్బరొట్టె కాల్చు మందపుగిన్నెకు నూనె రాచి, పెరటిలో కుంపటిపై నుంచి, మూతపై నిప్పులు పరచితిమి. తొలిమారు క్రిందిసెగ హెచ్చై అడుగులు మాడినవి. లోపల పచ్చిగా నుండెను. వీథిలోని ఆవు సైతము మూతి త్రిప్పుకొనినది. రెండవ ఆదివారము క్రింద నిప్పులు తగ్గించి, మీద హెచ్చించి, నాలుగేసి చొప్పున, నడుమ నొకమారు త్రిప్పి, అరగంట కాల్చగా కుదిరినవి.

అత్తగారి దంతముల సంగతియే చిక్కయ్యెను. "కడియములు చేతికిగాని నోటికా, అమ్మాయీ?" అని ప్రక్కకు నెట్టిరి. ఒకదానిని చీల్చి పప్పుచారులో నానబెట్టి యిచ్చితిమి. మారుమాట లేక తినిరి. పిల్లలు వేరుసెనగ పచ్చడి పూసికొనిరి. మాకు గోంగూర చాలినది. మైదా కావున నెలకు రెండుమార్లకు మించి చేయము. దీనివలన రక్తము పట్టునని మేమనము; దానికి వైద్యురాలిచ్చిన మాత్రలే.

ఆనాడు పండ్రెండున్నరకు ఐదుగురమును ఒక్కమారే కూర్చుంటిమి. నడుమ మంచినీళ్లకై మేము లేవబోగా, మా వారు కూర్చుండుమని సైగచేసి, తామే లేచి చెంబు తెచ్చిరి.