తాళం తప్పాడు... దారి చూపాడు!

లాస్ ఏంజెలెస్‌లోని ఓ ఆస్పత్రి గది. మంచమ్మీద 31 ఏళ్ల కుర్రాడు. అరుదైన రక్తవ్యాధి, దానికి తోడు లూపస్. చేతులు వాచిపోయి వేళ్లు కదలడంలేదు. పక్కనే కూర్చున్న అమ్మ ఆ వేళ్లను మెల్లగా మర్దన చేసేది. కాస్త స్వాధీనంలోకి రాగానే అతను మళ్లీ చిన్న మెషీన్ అందుకునేవాడు... పాట కట్టడానికి!

అతనే జె డిల్లా. అసలు పేరు జేమ్స్ డెవిట్ యాన్సీ. హిప్‌హాప్ అంటే గబగబా మాటలు చెప్పేయడమేగా అనుకుంటాం. ఆ మాటల వెనక వినిపించే సంగీతాన్ని తయారుచేసేది ప్రొడ్యూసర్. ఆ పనిలో కొత్త బాట వేసినవాడు డిల్లా.

ఇంటినిండా సంగీతమే

కార్ల తయారీకి పేరుపడ్డ డెట్రాయిట్‌లో 1974 ఫిబ్రవరి 7న పుట్టాడు. నాన్న జాజ్ కళాకారుడు. అమ్మ మొరీన్ ఒపెరా గాయని. హైస్కూల్ స్నేహితులతో కలిసి 'స్లమ్ విలేజ్' బృందాన్ని మొదలుపెట్టాడు. ఆంప్ ఫిడ్లర్ అనే సంగీతకారుడు అతనికి ఎంపీసీ మెషీన్‌ను పరిచయం చేశాడు. పాత రికార్డుల్లోంచి చిన్నచిన్న ముక్కలు కత్తిరించి దాంట్లో పెట్టుకుంటే, ఒక్కో మీటా నొక్కినప్పుడు ఒక్కో శబ్దం పలుకుతుంది. ఆ ముక్కలతోనే కొత్త పాట అల్లాలి. ఫార్‌సైడ్, ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్, కామన్... 1995 నుంచి ఎందరి ఆల్బమ్‌లకో అలా సంగీతం అందించాడు.

ఆవగింజంత ఆలస్యం

మృదంగం నేర్పే మాస్టారు తాళం తప్పితే ఊరుకుంటారా? ఎంపీసీ కూడా అంతే. వేలు కాస్త ముందుగా పడినా, వెనగ్గా పడినా దిద్దేసి లెక్క సరిచేస్తుంది. డిల్లా చాలాచోట్ల ఆ దిద్దుబాటు వద్దన్నాడు. కొన్ని దెబ్బల్ని కావాలనే ఆవగింజంత అటూఇటూ జరిపాడు. దాంతో యంత్రం వాయించే పాటలోనూ మనిషి నడక వినిపించింది. డ్రమ్మర్ క్వెస్ట్‌లవ్ అంతటివాడు ఆ తాళం విని, తన వాయించే పద్ధతినే మార్చుకున్నాడు!

పుట్టినరోజు కానుక

జబ్బు ముదిరినా పని ఆపలేదు. 2005 చివర్లో చక్రాల కుర్చీలోనే యూరప్ వెళ్లి ప్రదర్శనలిచ్చాడు. ఆస్పత్రిలోనూ కొంత పనిచేసి, 31 ముక్కలతో 'డోనట్స్' ఆల్బమ్‌ను పూర్తిచేశాడు. డోనట్ అంటే మన గారెలా మధ్యలో చిల్లుండే మిఠాయి. అందులో మొదటి ముక్క పేరే 'ముగింపు'. ఆఖరి ముక్క అయిపోగానే మళ్లీ మొదటిది పెడితే రెండూ అతుకు తెలియకుండా కలిసిపోతాయి. గుండ్రంగా, డోనట్‌లాగే!

2006 ఫిబ్రవరి 7న, తన 32వ పుట్టినరోజున, అది విడుదలైంది. మరో మూడు రోజులకే డిల్లా కన్నుమూశాడు.

కొడుకు వాడిన ఎంపీసీని 2014లో మొరీన్ స్మిత్సోనియన్ సంస్థకు ఇచ్చేసింది. వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియం కోసం. డ్రమ్ములు నేర్చుకునే కుర్రాళ్లు ఒకప్పుడు యంత్రంలా కచ్చితంగా వాయించాలని తంటాలు పడేవారు. ఇప్పుడు వాళ్లలో ఎంతోమంది డిల్లా పాటలు పెట్టుకుని... ఆ ఆవగింజంత ఆలస్యాన్ని సాధన చేస్తున్నారు!