ఉప్పు పలుకు సమఘనమేనా?

సమఘనం అంటే ఏమిటో హైస్కూల్లో మనమంతా కంఠతా పట్టినవాళ్లమే. ఆరు చదరపు ముఖాలు, పన్నెండు సమానమైన అంచులు, ఎనిమిది శీర్షాలు. ఒకవైపు అంచులు పొడుగైతే అది దీర్ఘఘనం. ఈ పాఠమే నిరుడు ప్రాక్టికల్ పరీక్షలో నన్ను బోల్తా కొట్టించింది.

మాది ఉద్దానంలో జీడితోట. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపానుకి మా చెట్లు కూలిపోయాయి. కొత్త మొక్కలు కాపుకొచ్చేదాకా నాన్న వేసవిలో నౌపడ ఉప్పు మడుల్లోకి కూలికి వెళ్లాడు. ఆయన తెచ్చిన కల్లుప్పునే పరీక్షకు పట్టుకెళ్లాను. "ఇది ఏ స్ఫటిక వ్యవస్థ?" అని అడిగారు. భూతద్దంలో చూస్తే పలుకు ఒకవైపు పొడుగ్గా ఉంది. "ఘన వ్యవస్థ కాదండీ" అన్నాను. మార్కులు పోయాయి.

సెలవుల్లో మడి గట్టు మీద కూర్చుని, పలుకులన్నీ ఒక్కలా ఎందుకుండవని నాన్నని అడిగాను. "అడుక్కి అంటుకున్న పక్క ఎలా పెరుగుతాదిరా? నీరు తగల్దు కదేటి!" అన్నాడు. సగం జవాబు అదే. పొడుగూ పొట్టీ మడిలో పెరిగిన తీరు వల్ల వచ్చినవి.

మిగతా సగం లోపల ఉంది. ఉప్పులో సోడియం, క్లోరైడ్ అయాన్లు ఒకటి విడిచి ఒకటి ఉంటాయి. ప్రతిదానికీ పైనా, కిందా, నాలుగు పక్కలా కలిపి ఆరు ఎదురు అయాన్లు. ఎక్స్-కిరణాలతో 1913లో లారెన్స్ బ్రాగ్ తేల్చిన అమరిక ఇది. ఇదే అమరిక మళ్లీ మొదలయ్యే దూరం మూడు దిక్కుల్లోనూ ఒక్కటే, 5.64 ఆంగ్‌స్ట్రాములు. ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పదికోట్లవ వంతు. ఈ కొలతతో లోపల ఒక బుల్లి సమఘనాన్ని ఊహించుకోండి. దాని శీర్షం నుంచి ఎదుటి శీర్షానికి గీసిన కర్ణం చుట్టూ మూడోవంతు తిప్పినా అమరిక మారదు. అలాంటి కర్ణాలు నాలుగు. ఘన వ్యవస్థకి అసలు గుర్తు ఇదే.

కనక లెక్కల మేష్టారు సమఘనానికి బయటి అంచులు కొలుస్తారు. స్ఫటికశాస్త్రం లోపలి క్రమాన్ని అడుగుతుంది. పలుకు పొడుగైనా, పలచనైనా దాని ముఖాల మధ్య కోణం 90 డిగ్రీలే. చితక్కొట్టినా చదునైన ముఖాల వెంటే విరుగుతుంది.

ఈసారి ఎవరైనా అడిగితే "ఘన వ్యవస్థేనండీ" అంటాను. ఎందుకని అడిగితే మాత్రం, నౌపడ మడి దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.