బోదకాలి జ్వరము

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో బోదకాలు ఎఱుగనివారు అరుదు. క్యూలెక్సు దోమ మోసికొని వచ్చు సన్నని పురుగు లసికానాళములలో కాపురముండుటచే ఆ వ్యాధి కలుగునని మీరు వినియే యుందురు. శ్రోతలారా, నేను చెప్పదలచినది ఆ పురుగును గూర్చి కాదు. చలితో మొదలై, కాలు ఎఱ్ఱబాఱి, గజ్జలలో బిళ్ళకట్టించి, మనిషిని కొన్ని దినములు మంచమున పడవేయు జ్వరమును గూర్చి. దీనిని అమావాస్యకును పున్నమకును ముడిపెట్టువారు కలరు. చంద్రునకు దీనితో పనిలేదు. పెక్కుసారులు దీనికి కారణము పురుగు సైతము కాదు. కాలివ్రేళ్ళ సందున చొరబడిన బాక్టీరియా.

ఉబాల దినములలో ప్రొద్దంతయు బురదమడిలో నిలిచిన పాదమును చూడుడు. వ్రేళ్ళ నడుమ చర్మము నాని, తెల్లబడి, చీలియుండును. గొలుసుకట్టుగా నుండు స్ట్రెప్టోకాకసు అను బాక్టీరియాకు అదియే సింహద్వారము.

చర్మము క్రింద మాక్రోఫేజులు, మాస్టుకణములు అనునవి కావలి కాయుచుండును. శత్రువును గుర్తించినతోడనే ఇవి హిస్టమిను మొదలగు రసాయనములను వెలిగ్రక్కును. అంతట సన్నని రక్తనాళములు వెడల్పగును. ఎఱుపును వేడిమియు అందువలన. నాళపు గోడ వదులై నీరు వెలికూరును; వాపు అందువలన. నరముల కొనలు రేగును, నొప్పి అందువలన. ఈ నాలుగు లక్షణములను రోమను రచయిత సెల్ససు మొదటి శతాబ్దముననే చెప్పియుండెను. కాని ఆ చోట మూగు కణములు మనలను కాపాడుటకే వచ్చునని గట్టిగా వాదించినవాడు మెచ్నికాఫ్. 1882లో మెస్సీనా నగరమున ఆయన నక్షత్రమీనపు పిల్ల ఒడలిలో గులాబిముల్లు గ్రుచ్చి, మఱునాటి యుదయమున దానిచుట్టు కణములు మూగియుండుట కనెను. 1908లో ఎర్లిఖ్‌తో కలిసి నోబెలు బహుమానము పొందెను.

మన కాలిలోను అట్లే. కొన్ని గంటలలో న్యూట్రోఫిల్ అను తెల్లకణములు నాళపు గోడలో దూరి వచ్చి, బాక్టీరియాను మ్రింగి, తామును చచ్చును. చీములో నుండునది చాలవఱకు వాని పీనుగులే. సెగగడ్డకు కారణమగు స్టాఫిలోకాకసు తన చుట్టు గడ్డకట్టించుకొని యొకచోటనే యుండును. కావున అది పండి పగులును. స్ట్రెప్టోకాకసు గుణము వేఱు. అడ్డములను కరగించు రసములు దానికి గలవు; ఎఱుపు పాదమునుండి పిక్కకు ప్రాకును. మాక్రోఫేజులు పంపిన సందేశము మెదడునకు చేరి జ్వరమగును. గజ్జలలోని బిళ్ళ, పోరున పాల్గొనుచు ఉబ్బిన లసికాగ్రంథి.

ఆరోగ్యవంతుని కాలిలో పోరు ముగిసిన పిమ్మట ఊరిన నీరు లసికానాళములద్వారా తరలిపోవును. బోదకాలిలో ఆ కాలువలు చెడియున్నవి. వంశధార కాలువ పూడినచో చేనికేమగునో మన రైతుకు చెప్పవలెనా? నీరు నిలిచిపోవును, రక్షకకణముల రాకపోకలు మందగించును, పోరు దీర్ఘమగును. పోరు జరిగిన ప్రతిసారియు మిగిలిన నాళములు మచ్చకట్టును. కాలు మఱికొంత లావెక్కును, చర్మము మడతలు పడును, ఆ మడతలలో మఱల చీలికలు. కాలు పెరుగుటలో పురుగుకంటె ఈ జ్వరములదే ఎక్కువ దోషమని నా తలంపు.

దేశమున 2004 నుండి సాలుకొకమారు ఇంటింట పంచుచు వచ్చిన డి.ఇ.సి. మాత్రలు రక్తములోని పురుగుపిల్లలను చంపి వ్యాధివ్యాప్తిని అరికట్టును. అది చేయవలసిన పనియే. కాని వ్రేళ్ళసందు చీలికను అవి మాన్పవు. ఆ పని సబ్బునీటిది. దినమునకు రెండుమారులు కాలు కడిగి, శుభ్రమైన మెత్తని గుడ్డతో ప్రతి సందును తడి లేకుండ అద్దవలెను; రుద్దరాదు. జ్వరము తగిలినపుడు కాలు తడుపుటకు జంకువారు కలరు. చన్నీటి గుడ్డ అప్పుడు హితమే. కాలిని దిండుపై ఎత్తిపెట్టి, పెన్సిలిను జాతి మందుకై వైద్యునికి ఆనాడే కబురంపవలెను.