ఖరగ్‌పూర్ పెళ్లిలో ఒక పద్దు పుస్తకం

ఈ వారం లేఖను రాజధాని నుంచి కాక ఖరగ్‌పూర్ నుంచి వ్రాస్తున్నాను. పార్లమెంటు ముచ్చట్లను, ముఠాల సమాచారాన్ని వచ్చే వారానికి వాయిదా వేసినందుకు పాఠకులు మన్నించాలి. అయితే ఢిల్లీని పూర్తిగా వదలి వచ్చానని చెప్పలేను. నేను వచ్చింది ఒక పెళ్లికి. పెళ్లి ఖర్చును శాసనంతో అదుపు చేయవచ్చునన్న నమ్మకం ఢిల్లీకి ఉన్న పాత జబ్బులలో ఒకటి.

బీహారుకు చెందిన శ్రీమతి రంజీత్ రంజన్ 2017లో లోక్‌సభ ముందుకు తెచ్చిన బిల్లు పాఠకులకు గుర్తుండవచ్చు. అయిదు లక్షలకు మించి పెళ్లికి ఖర్చు పెట్టేవారు అందులో పదో వంతును పేదింటి ఆడపిల్లల వివాహాలకు ఇవ్వాలన్నది దాని సారాంశం. పంజాబు సభ్యుడు జస్బీర్ సింగ్ గిల్ 2020లో ప్రవేశపెట్టిన బిల్లు మరికొంత ముందుకు పోయింది. ఉభయ పక్షాల అతిథులు కలిసి వందకు మించరాదు, వంటకాలు పదికి మించరాదు, కానుక రెండు వేల అయిదు వందల రూపాయలు దాటరాదు అని అందులో లెక్కలు కట్టారు. 2023 ఆగస్టులో దానిపై సభలో చర్చ కూడా జరిగింది. ఆ తర్వాత దాని గతి ఏమయిందని అడగనవసరం లేదు. 1970 తర్వాత ప్రైవేటు సభ్యుల బిల్లు ఒక్కటి కూడా చట్టం కాలేదు. ఆ రెండు బిల్లులను చదివినప్పుడు నేనూ తల ఊపినవాడినే. ఢిల్లీ శివార్లలోని ఫారమ్‌హౌస్ పెళ్లిళ్లు ఏడాదికి పదిసార్లు చూసేవాడికి వందమంది అతిథుల పరిమితి ధర్మశాస్త్రంలాగే కనిపిస్తుంది. ఖరగ్‌పూర్‌లో ఒక ఫిట్టరుగారి ఇంట్లో మూడు రోజులు కూర్చున్న తర్వాత ఆ తల ఊపుడుపై నాకు అనుమానం కలిగింది.

ఈ ఊరి సంగతి తెలియని తెలుగువారికి రెండు మాటలు. హౌరాకు పడమటగా దాదాపు 115 కిలోమీటర్ల దూరంలో, బెంగాల్ నాగపూర్ రైల్వే పుణ్యమా అని పుట్టిన పట్టణమిది. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం ఇక్కడిదే. 2013లో గోరఖ్‌పూర్, ఆ తర్వాత హుబ్బళ్లి ఆ కీర్తిని లాక్కుపోయాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి కార్ఖానా పనికి వచ్చిన మనవారు తరాల తరబడి ఇక్కడే నిలిచిపోయారు. రాష్ట్రపతి కాకముందు వి.వి. గిరిగారు కార్మిక నాయకుడిగా పేరు తెచ్చుకొన్నది ఈ బి.ఎన్.ఆర్. కార్మికుల మధ్యనే. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించాలని నిర్ణయించినప్పుడు దాని వెనుక ఉన్నది ప్రధానంగా ఈ ఖరగ్‌పూర్ జనమే. ఆ వార్త కోసం వచ్చినప్పుడే పెళ్లికూతురి తండ్రి నాకు పరిచయమయ్యారు. పేర్లు వ్రాయవద్దని ఆయన కోరిక కనుక వ్రాయడం లేదు.

ఆయన మరి రెండేళ్లలో పదవీ విరమణ చేయబోతున్నారు. 2004కు ముందు ఉద్యోగంలో చేరినవారు కాబట్టి రైల్వే ప్రావిడెంటు ఫండు ఉంది. పిల్ల పెళ్లికి అందులోంచి సొమ్ము తీసుకొనే వీలూ ఉంది. రైల్వే క్వార్టర్లలో ఇన్నాళ్లూ పెళ్లిళ్లు జరిగింది ఆ ఫండు మీదనే. 2004 జనవరి తర్వాత చేరినవారికి కొత్త పింఛను పద్ధతి వచ్చింది. వారికి మిగిలింది తాము కట్టిన సొమ్ములో నాలుగో వంతు వరకు తీసుకొనే అవకాశం మాత్రమే. పింఛను సంస్కరణలను గురించి ఢిల్లీలో నేను వ్రాసిన వ్యాసాలలో ఎక్కడా పెళ్లి అన్న మాట లేదని ఇక్కడ కూర్చున్నప్పుడు జ్ఞాపకం వచ్చింది.

పెళ్లికూతురు ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. పెళ్లికొడుకు బెంగాలీ, కాంట్రాక్టు ఇంజనీరు. కట్నం మాట ఏ పక్షమూ ఎత్తలేదు. అసలు తగవు తండ్రికీ కూతురికీ మధ్యనే వచ్చింది. ఫండు ముట్టరాదనీ, అది తల్లిదండ్రుల మందులకూ గూటికీ ఉండాలనీ అమ్మాయి పట్టుదల. రిజిస్ట్రారు వద్ద సంతకాలు, దగ్గరి బంధువులు నలభైమంది, పత్రిక మీద "కానుకలు స్వీకరింపబడవు" అన్న ఒక్క వాక్యం - ఇదీ ఆమె వేసిన అంచనా. దానికి వెనుక చదువు కూడా ఉంది. గోరాగారి కుమార్తె మనోరమ వివాహం 1948లో, గాంధీజీ మరణించిన కొద్ది వారాలకే, ఆయన ఇచ్చిన మాట ప్రకారం సేవాగ్రామంలో ఎంత నిరాడంబరంగా జరిగిందో ఆమె నాకే వివరించి చెప్పింది. విన్నాను. మనసులో మాత్రం ఒక పాత సంగతి మెదిలింది. 1881 డిసెంబరులో రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు జరిపించిన మొదటి వితంతు వివాహం వెనుక కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారి ధనసహాయం లేకపోతే ఆ పెళ్లి పందిరి లేచేదా? సంస్కరణకు కూడా ఎవరో ఒకరు చదివింపులు చదివించవలసి వచ్చింది.

కూతురు వేసిన అంచనా చూసి తండ్రి కోపం తెచ్చుకోలేదు. లోపలికి వెళ్లి ఒక పాత పుస్తకం తెచ్చారు. అట్ట ఊడిపోయి, దారంతో కుట్టిన పద్దు పుస్తకం. మొదటి పుటలో ఆయన తండ్రిగారి చేతివ్రాత. తేదీ 1974 మే.

ఆ తేదీకి వివరణ అక్కరలేని పాఠకులు ఇంకా కొందరున్నారు. మే 8న మొదలై 27న ముగిసిన అఖిల భారత రైల్వే సమ్మెలో వేలాదిమంది అరెస్టయ్యారు, వేలాదిమంది ఉద్యోగాలు పోగొట్టుకొన్నారు. ఈయన తండ్రిగారు కార్ఖానాలో పనివారు, సమ్మెలో జైలుకు వెళ్లారు. అదే వైశాఖంలో ఆయన చెల్లెలి పెళ్లికి ముహూర్తం పెట్టి ఉంది. జీతం లేదు, క్వార్టరు ఖాళీ చేయమన్న బెదిరింపు ఉంది. పెళ్లి ఆగలేదు. ఆ వీధిలో ఉన్నవారందరూ, వారిలో సగంమంది సమ్మెలో ఉన్నవారే, తలకొక రూపాయి, రెండు రూపాయలు చదివించారు. ఒక ఒడియా కుటుంబం బియ్యం ఇచ్చింది. ఒక పంజాబీ మేస్త్రీ అయిదు రూపాయలు ఇచ్చాడు. ఎవరో వంటచెరకు ఇచ్చారు. అన్నీ వ్రాసి ఉన్నాయి. పోయిన ఉద్యోగం 1977లో జనతా ప్రభుత్వం వచ్చిన తర్వాత తిరిగి వచ్చింది. అప్పటినుంచి ఆ ఇంటివారు ఆ పేర్లను ఒక్కొక్కటిగా తీర్చుకొంటూ వచ్చారు. ఏ ఇంట పెళ్లయినా, సీమంతమైనా వెళ్లి చదివించారు. దాన్నీ వ్రాశారు. యాభై ఏళ్లలో పుస్తకం రెండు వైపుల లెక్కగా పెరిగింది. ఇచ్చినది ఒక వైపు, పుచ్చుకొన్నది మరొక వైపు.

"చూడండి బాబూ, ఈల్లందర్నీ పిలవొద్దంటాది. పిలవకపోతే నేను ఇచ్చింది పోతే పోయింది. ఆల్లు ఇయ్యవలసింది ఇయ్యకుండా చేసినట్టు కాదా? అప్పున్నోడికి అప్పు తీర్చుకునే దారి మూసీడం మర్యాదేనా?" అన్నారాయన.

లెక్కల పంతులమ్మ ఆ పుస్తకాన్ని తీసుకొని రాత్రంతా చదివింది. మర్నాడు ఉదయం కొత్త అంచనా వేసింది. అందులో అతిథులు తగ్గలేదు. తగ్గినవి మిగతావి. పూలతో కట్టే వేదిక పోయింది. బాజాల బండి, చెవులు చిల్లులుపడే యంత్రసంగీతం, ఆకాశంలో ఎగిరే కెమెరా, అతిథులకు తిరుగు కానుకలు, కొత్తగా కొనవలసిన బంగారం పోయాయి. రాత్రి విందు పోయి మధ్యాహ్న భోజనం వచ్చింది. దీపాల అద్దె లేదు, బయటి ఊళ్లవారికి బస అవసరం లేదు. ముహూర్తం రైళ్లను చూసి పెట్టారు. గోల్ బజారులో అచ్చు వేయించిన పత్రిక ఒకే కాగితం. ఒక పక్క తెలుగు, బెంగాలీ, హిందీ. రెండో పక్క హౌరా వైపు నుంచీ, పలాస, శ్రీకాకుళం రోడ్డు వైపు నుంచీ వచ్చే రైళ్ల వేళలు. సగం చుట్టాలు రైల్వే పాసుల మీద వచ్చేవారే కదా.

మాసం విషయంలో మాత్రం కొంత దౌత్యం నడిచింది. బెంగాలీలు చైత్రంలో పెళ్లి చేయరు. వారి నెలలు సూర్యుని బట్టి, మనవి చంద్రుని బట్టి. రెండు పంచాంగాలూ ఫాల్గుణమని ఒప్పుకొన్న ఆదివారం ఒకటి దొరకడానికి ఇద్దరు పురోహితులు రెండు సాయంత్రాలు కూర్చున్నారు. ఇంకొక చిన్న ప్రమాదం మాట దగ్గర జరిగింది. వరుని ఇంటివారు "తత్త్వం పంపిస్తాము" అన్నారట. మా ఫిట్టరుగారు వేదాంత గ్రంథమేదో వస్తుందనుకొన్నారు. బెంగాలీలో ఆ మాటకు అర్థం పళ్లాలలో పంపే పెళ్లి కానుకలు. అందులో ముఖ్యమైనది పెళ్లికూతురిలా చీర కట్టి ముక్కుపుడక పెట్టిన రోహు చేప. రెండు పక్షాలూ మాట్లాడుకొని పళ్లాలను ఒక్క చేపకు తగ్గించాయి. ఆ చేప మధ్యాహ్నానికి పులుసయింది.

పెళ్లి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద జరిగింది. ముప్పై రోజుల ముందు నోటీసు, ముగ్గురు సాక్షులు, అధికారి సమక్షం - ఇవి అందరికీ తెలిసినవే. ఆ చట్టం పన్నెండవ సెక్షనులో ఒక మంచి మాట ఉంది. దాన్ని నేను ఎన్నోసార్లు చదివి దాటిపోయాను. వధూవరులు తమకు నచ్చిన ఏ పద్ధతిలోనైనా వివాహం చేసుకోవచ్చు. ఒకరినొకరు స్వీకరిస్తున్నామని మాత్రం తమకు అర్థమయ్యే ఏ భాషలోనైనా పలకాలి. అమ్మాయి తెలుగులో పలికింది. అబ్బాయి బెంగాలీలో పలికాడు. ఇద్దరికీ రెండూ అర్థమవుతాయి. అధికార భాషల చట్టాల మీద నేను ఢిల్లీలో విన్న ఉపన్యాసాలన్నింటికంటె ఆ రెండు వాక్యాలు పొట్టివి.

దానికి ముందు జీలకర్ర బెల్లం పెట్టారు. మన పద్ధతిలో అడ్డుతెర తొలగుతుంది. బెంగాలీ పద్ధతిలో వధువు కళ్లకు అడ్డుపెట్టుకొన్న తమలపాకులు తొలగుతాయి. రెండింటినీ ఒకే క్షణంలో తొలగించారు. మెడలో పసుపుతాడు, చేతికి శంఖపు గాజు, పగడపు గాజు. వధూవరులు కూర్చొన్నది సబంగ్ చాప మీద. వెనుక తెరగా వేలాడినది పింగ్లా దగ్గరి నయా గ్రామపు పటచిత్రకారులు వ్రాసిన "చేపల పెళ్లి" పటం. చేపలన్నీ తలకొక పని పూనుకొని పెళ్లి చేస్తాయి. చివరకు పెద్ద చేప వచ్చి చిన్నవాటిని మింగుతుంది. పెళ్లిలో ఇది పెట్టవచ్చునా అని ఒక పెద్దమనిషి గొణిగారు. పెద్ద చేప ఎవరో తెలిసి ఉండటం మంచిదేనని పెళ్లికూతురు జవాబు చెప్పింది.

జంగల్ మహల్ ఆడవారు కుట్టిన సాలాకు విస్తళ్లలో భోజనం పెట్టారు. ముద్దపప్పు, గుమ్మడికాయ దప్పళం, చేపల పులుసు, పులిహోర, బూరెలు, చివర మట్టి మూకుడులో మిష్టి దోయి. గిల్ గారి పది వంటకాల హద్దుకు లోబడే ఉంది. వందమంది హద్దు మాత్రం మొదటి బంతిలోనే దాటిపోయింది.

ఇక చదివింపులు. ఇక్కడ ఢిల్లీని మళ్లీ తలచుకోక తప్పదు. 1961 మే నెలలో వరకట్న నిషేధ బిల్లుపై ఉభయ సభలకూ పొత్తు కుదరక, మన పార్లమెంటు చరిత్రలో మొదటి సంయుక్త సమావేశం జరిగింది. ఏది కట్నం, ఏది కానుక అన్నది అప్పటి చిక్కులలో ఒకటి. ఆ చిక్కును విడదీయడానికి 1985లో కేంద్రం నియమాలు చేసింది. వధువుకు వచ్చిన కానుకల పట్టిక ఒకటి, వరునికి వచ్చినవాటి పట్టిక ఒకటి ఉండాలి. ప్రతి కానుకకూ వివరం, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, చుట్టరికముంటే ఆ చుట్టరికం వ్రాయాలి. కింద వధూవరులిద్దరూ సంతకం చేయాలి. ఆ నియమాన్ని పాటించిన పెళ్లిని నా ఉద్యోగ జీవితంలో నేను ఢిల్లీలో చూడలేదు. 2024లో సుప్రీంకోర్టు హిందూ వివాహమంటే ఆటపాటలు, విందు వినోదాలు, కట్నకానుకల మారకం కాదని హితవు చెప్పినప్పుడు కూడా ఈ పట్టిక ఎవరికీ గుర్తు రాలేదు.

ఖరగ్‌పూర్‌లో చూశాను. అమ్మాయి నియమాలను తెప్పించి చదివి, పాత పుస్తకం పక్కన ఒక కొత్త పుస్తకానికి గడులు గీసింది. పాత పద్దులో ఎంత ఉందో అంతకు మించి ఎవరి వద్దా పుచ్చుకోరాదన్నది ఆమె షరతు. తండ్రి దానికి ఒప్పుకొన్నారు. పద్దు లేనివారు ఆశీర్వదించి భోంచేసి వెళ్లవచ్చు. పెళ్లికూతురి పినతండ్రి కొడుకు గట్టిగా చదువుతూ వ్రాస్తున్నాడు. నూటపదహార్లు, యాభై ఒకటి, స్టీలు బిందె. అతనికి చిక్కు వచ్చింది చుట్టరికం గడి దగ్గరే. చట్టం బంధువుల మాట మాత్రమే ఎత్తుతుంది. ఈ పుస్తకంలో బంధువులు తక్కువ. పక్క క్వార్టరు, నైటు షిఫ్టు, ఒకే షాపు, నీళ్ల పంపు అని వ్రాసుకొంటూ పోయాడు.

భోజనాలు ముగిసే వేళకు ఒక ఒడియా వృద్ధురాలు మనుమడి భుజం పట్టుకొని వచ్చింది. కొంగు ముడి విప్పి పదకొండు రూపాయలు ఇచ్చింది. కుర్రవాడు పాత పుస్తకం తిరగేశాడు. ఆమె ఇంటివారు తీర్చవలసినది ఏమీ లేదు. ఆ బియ్యం ఇచ్చినది వారే. షరతు ప్రకారం పుచ్చుకోరాదు. కుర్రవాడు అక్క ముఖం చూశాడు. ఆమె తండ్రి ముఖం చూసింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"రాయరా" అన్నారు చివరకు.

"చుట్టరికం ఏటని రాయాలి పెదనాన్నా?"

"డెబ్బై నాలుగు అని రాయి."

ఆ తర్వాత నేను నూటపదహార్లు చదివించబోయాను. నాకు పద్దు లేదని అమ్మాయి తిప్పి ఇచ్చింది. తండ్రి మందలిస్తే నవ్వి పుచ్చుకొంది. నా పేరు ఎదుట "విలేఖరి, ఢిల్లీ" అని వ్రాసి, చుట్టరికం గడిని ఖాళీగా వదిలారు. సాయంత్రం వధూవరులు పట్టికల కింద సంతకాలు చేస్తూండగా నేను హౌరా లోకలు పట్టుకోవడానికి స్టేషనుకు బయలుదేరాను.