మస్తాన్ రావు ఏ మతం పేరు? మా అబ్బాయి అడిగిన ప్రశ్న

పోయిన నెల బ్రాంప్టన్‌లో మా అబ్బాయికి స్కూల్లో ఒక హోంవర్క్ ఇచ్చారు. ఇంట్లో ఒకరి పేరు వెనక ఉన్న కథ రాసుకు రమ్మన్నారు. వాడు నా పేరు ఎంచుకున్నాడు. "నాన్నా, పాస్‌పోర్టులో మస్తాన్ రావు అని ఉంది కదా, రెజ్యూమెలో ఎం. రావు అని ఎందుకు పెట్టుకున్నావు?" అని అడిగాడు. నాకు వెంటనే జవాబు రాలేదు.

నిజం చెప్పాలంటే, ఇక్కడికి వచ్చిన కొత్తలో మనవాళ్లే "మీరు ముస్లిమా?" అని అడిగేవారు. కాదంటే "మరి ఆ పేరేంటి?" అనేవారు. చెప్పీ చెప్పీ విసుగొచ్చి సగం పేరు దాచేశాను.

మాది నెల్లూరు జిల్లా. నాకు ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు దక్కకపోతే మా నాయనమ్మ కసుమూరు మస్తాన్ వలి దర్గాకు మొక్కుకుంది. నేను బతికాను, మొక్కు పేరు పెట్టారు. మా వైపు మస్తానయ్యలు, మస్తానమ్మలు ఊరూరా ఉంటారు. యూట్యూబ్ వంటలతో పేరు తెచ్చుకుని 2018లో కన్నుమూసిన గుంటూరు జిల్లా మస్తానమ్మ గారు మీకు గుర్తుండే ఉంటారు. రాయలసీమలో అయితే దస్తగిరి, హుస్సేనప్ప, ఫకీరప్ప అనే పేర్లు హిందువుల ఇళ్లలోనూ వినిపిస్తాయి.

వీటిలో అన్నీ అరబ్బీ కావు. మస్తాన్ పారశీ మాట. మత్తులో ఉన్నవాడని అర్థం, ఇక్కడ ఆ మత్తు దైవభక్తిది. దస్తగిరి కూడా పారశీయే, చేయి పట్టుకుని ఆదుకునేవాడు. వలి మాత్రం అరబ్బీ. ఆప్తుడు, దేవుడికి దగ్గరివాడు అని.

అరబ్బీలో చాలా పేర్లు మూడు హల్లుల ధాతువు నుంచి పుడతాయి. హ-మ-ద అంటే పొగడ్త. ముహమ్మద్, అహ్మద్, మహమూద్, హమీద్ అన్నీ దాని పిల్లలే. హ-స-న అంటే మంచితనం, అందం. హసన్, హుస్సేన్, మొహసిన్ అందులోంచి వచ్చాయి. మన ఊళ్లే చూడండి. హైదర్ అంటే సింహం, కరీం అంటే ఉదారుడు, మహబూబ్ అంటే ప్రియమైనవాడు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరే మహబూబ్‌నగర్‌కు వచ్చింది.

ఇక్కడ మనం తరచూ చేసే పొరపాటు ఒకటుంది. పక్కింటాయన పేరు అబ్దుల్ రహ్మాన్ అయితే "అబ్దుల్" అని పిలిచేస్తాం. అబ్దుల్ అంటే "ఫలానా వారి సేవకుడు" అనడంలో ముందు ముక్క మాత్రమే. అబ్దుల్ రహ్మాన్ అంటే దయామయుడి సేవకుడు, అబ్దుల్ ఖాదర్ అంటే సర్వశక్తిమంతుడి సేవకుడు. రామదాసుని "దాసు" అని పిలిస్తే ఏ దేవుడి దాసుడో తెలియదు కదా, ఇదీ అంతే. ఫారంలో రెండు గడులుంటే పేరు రెండు ముక్కలై పోతుంది. ఎలా పిలవాలో వాళ్లనే అడగడం మర్యాద.

ఇంటిపేర్లు మాత్రం మనవాటికి దగ్గరగానే ఉంటాయి. హద్దాద్ అంటే కమ్మరి, నజ్జార్ అంటే వడ్రంగి, ఖయ్యాత్ అంటే దర్జీ. చివర "ఈ" వస్తే చాలాసార్లు ఊరి పేరు. బాగ్దాదీ బాగ్దాద్ వాడు, హలబీ సిరియాలోని అలెప్పో వాడు. మన ఇంటిపేర్లలో ఊళ్లున్నట్టే. "బిన్" అంటే కొడుకు. నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవారి వారసులు హైదరాబాద్ బార్కస్‌లో ఇప్పటికీ ఉన్నారు. ఆ పేర్లలో బిన్ తరచూ కనిపిస్తుంది. తెలుగు ముస్లింలకు షేక్, సయ్యద్ లాంటివి ఇంటిపేరులా ముందుంటాయి. షేక్ అంటే పెద్ద, సయ్యద్ అంటే ప్రభువు. ఇక్కడి ఆఫీసుల్లో వరస తిరగబడి షేక్ చివరికి వెళ్తుంది.

ఇదంతా మా అబ్బాయికి చెప్పాను. వాడు హోంవర్క్‌లో చివరి వాక్యం ఇలా రాశాడు: "మా నాన్న పేరు మా ముత్తవ్వ మొక్కు." అది చదివాక పేరు దాచుకోవాలనిపించలేదు. ఆ రాత్రే రెజ్యూమె తెరిచి పూర్తి పేరు పెట్టేశాను. ఇకమీదట ఎవరైనా "ఆ పేరేంటి?" అని అడిగితే విసుక్కోను, కసుమూరు కథ చెబుతాను. మీ ఇంట్లోనూ ఇలాంటి పేరుంటే, దాని కథ తెలిసిన పెద్దవాళ్లకు ఈ ఆదివారమే ఫోన్ చేసి పిల్లలకు వినిపించండి.