ల్యాబ్‌లో ఇంగ్లీషు, గడప దాటితే జర్మన్

జర్మనీకి పోస్ట్‌డాక్‌కు బయల్దేరే మన పిల్లలు తరచూ అనే మాట ఒకటుంది: "అక్కడ ల్యాబంతా ఇంగ్లీషే, భాషతో ఇబ్బంది లేదు." మాట నిజమే. మాక్స్ ప్లాంక్ పరిశోధన సంస్థల్లో సెమినార్లు, పేపర్లు, చర్చలు చాలావరకు ఇంగ్లీషులోనే సాగుతాయి. ఇల్లు, జీతం, జ్వరం, పార్సిలు మాత్రం జర్మన్‌లో నడుస్తాయి. మొదటి రెండు నెలల్నీ మింగేసేవి ఇవే.

ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా ఊరి కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలన్నది చట్టం. దానికి ఇంటి యజమాని సంతకంతో ధ్రువపత్రం కావాలి. అద్దె ఒప్పందం ఒక్కటే చూపిస్తే చాలదు. నమోదయ్యాక 11 అంకెల పన్ను నంబరు పోస్టులో వస్తుంది. అక్కడ చాలా భవనాల్లో ఫ్లాట్లకు నంబర్లుండవు. పోస్టుమ్యాన్ చూసేది ఉత్తరాల డబ్బా మీది పేరునే. అది లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. మన దగ్గర ఒక్క పొడి అక్షరంగా సర్దుకునే ఇంటిపేరే అక్కడ మనిషికి అసలు పేరు. పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే రాసి, దిగిన రోజే డబ్బాకి అతికించాలి.

పసుపు కవరు వస్తే మరింత జాగ్రత్త. అధికారికంగా అందజేసే పత్రాలు అందులో వస్తాయి. పోస్టుమ్యాన్ డబ్బాలో వేసిన తేదీ కవరు మీద రాసి ఉంటుంది, గడువు ఆ రోజు నుంచే లెక్క. మీకు అర్థమైందా లేదా అన్నదానితో గడువుకు నిమిత్తం లేదు. ఫోన్ కెమెరా అనువాదం స్థూలంగా విషయం చెబుతుంది గానీ, ఇలాంటి కాగితాన్ని అదే రోజు సంస్థ ఆఫీసుకు తీసుకెళ్లి మనిషి చేత చదివించుకోవాలి.

జ్వరమొస్తే కిరాణా షాపులో పారాసిటమాల్ దొరకదు, ఫార్మసీలోనే అమ్ముతారు. ఆదివారం ఏ ఫార్మసీ తెరిచి ఉంటుందో మూసిన ఫార్మసీల తలుపు మీదే రాసి పెడతారు. అత్యవసరమైతే 112, డాక్టరు కోసమైతే 116117.

ఇక ఎవరూ ముందుగా చెప్పని సంగతి వర్క్‌షాపు. పెద్ద సంస్థలకు సొంత వర్క్‌షాపు ఉంటుంది. లేత్ మీద ఏళ్ల తరబడి చెయ్యి తిరిగిన మెకానిక్ ఉంటాడు. మీ వాక్యూమ్ ఛాంబర్‌కు కావాల్సిన ఫ్లాంజ్ ఆయన చేతి మీదుగానే రావాలి. డ్రాయింగు ఇద్దరికీ అర్థమవుతుంది. అందులో లేని విషయాలతోనే చిక్కు: ఏ అంచు నున్నగా ఉండాలి, ఏ బోల్టు మాటిమాటికీ విప్పుతారు, ఎక్కడ అల్యూమినియం సరిపోతుంది. ఇవి మాటల్లోనే, అదీ ఎక్కువగా జర్మన్‌లోనే తేలతాయి. "ఇలా చేస్తే లీకవదు" అని ఆయన చెప్పే ఒక్క సలహా వారాల పని మిగులుస్తుంది. ఆ సలహా ఆయన నోట్లోనే ఉండిపోతే నష్టం మీ ప్రయోగానిదే.

అంకెల దగ్గరా తడబాటు తప్పదు. దశాంశానికి వాళ్లు కామా పెడతారు, 1.250 అని రాస్తే పన్నెండువందల యాభై అని అర్థం. 42ను పలికేటప్పుడు రెండు ముందొచ్చి నలభై తర్వాత వస్తుంది. అందుకని కొలతను నోటితో చెప్పి వదిలేయకూడదు, కాగితం మీద రాసి చూపించాలి.

భద్రతా సూచనల కింద సంతకం పెట్టమన్నప్పుడు మొహమాటపడొద్దు. ప్రమాదకర రసాయనాలతో పనిచేసేవాళ్లకు సూచనలు వాళ్లకు అర్థమయ్యే భాషలో అందించాలని జర్మన్ నిబంధనే ఉంది. అడగడం మీ హక్కు.

బయల్దేరే ముందే తొలి మెట్టయిన ఏ1 స్థాయి పూర్తిచేస్తే ఎంతో మేలు. హైదరాబాదులో జర్మన్ నేర్పే గోథె జెంట్రమ్ ఉంది. వ్యాకరణం కన్నా ముందు అంకెలు, తేదీలు, పనిముట్ల పేర్లు, ఫోనులో చెప్పే నాలుగు మర్యాద మాటలు పట్టుబడాలి. అక్కడికి వెళ్లాక చాలా సంస్థలు తరగతులు పెడతాయి కానీ గ్రూపు మీటింగులతో అవి ఢీకొంటాయి. అందుకే వారంలో ఏ వేళలు తరగతికి వదులుతారో ప్రొఫెసరుతో చేరకముందే ఈమెయిల్‌లో తేల్చుకోవాలి.