డొక్కల లెక్క

నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిని పాత నగరవాసులు ఇప్పటికీ 'కోరంటి దవాఖానా' అంటారు. కోరంటి అంటే క్వారంటైనే. 2020లో ఆ మాట కొత్తగా నేర్చుకున్నామనుకున్నాం గానీ, చిక్కడపల్లి, నారాయణగూడ అవ్వల నోట అది ఏనాటి నుంచో నలుగుతున్నదే.

✦

నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) అనగానే కుక్కకాటు టీకా గుర్తొస్తుంది. స్వైన్‌ఫ్లూ నమూనాలు పరీక్షించిందీ అక్కడే. దేశంలో తొలి స్వైన్‌ఫ్లూ కేసు బయటపడింది కూడా మన హైదరాబాద్‌లోనే, 2009 మే 16న. అమెరికా నుంచి వచ్చిన యువకుడికి.

✦

"మాకేం, వయసులో ఉన్నాం" అంటారు అశోక్‌నగర్ గదుల్లో నలుగురైదుగురు సర్దుకుని గ్రూప్స్‌కి చదివే పిల్లలు. సగం నిజమే. ఫ్లూలాంటి వైరస్ జబ్బు ముదిరేది ఎక్కువగా 65 దాటినవాళ్లలో, పసిపిల్లల్లో, షుగరు, గుండె, కిడ్నీ, ఉబ్బసం ఉన్నవాళ్లలో. కానీ 2009 ఆ లెక్కను తిరగేసింది. ఆ ఫ్లూతో ప్రపంచమంతటా పోయినవాళ్లలో సుమారు 80 శాతం 65 లోపు వాళ్లేనని అమెరికా సీడీసీ అంచనా. పెద్దవాళ్లకు చిన్నతనంలో సోకిన పాత ఫ్లూలు కొంత రక్షణ మిగిల్చిపోయాయట! స్థూలకాయం కూడా ముప్పేనని డాక్టర్లు గట్టిగా గుర్తించింది ఆ ఏడాదే. నిండు గర్భిణులకైతే పెరిగే కడుపు ఊపిరితిత్తులకు చోటు తగ్గిస్తుంది, అదొక చిక్కు.

✦

జబ్బు ముదురుతోందా అని చూడటానికి రాసే రక్తపరీక్షల్లో ఒకటి సీఆర్‌పీ (సి-రియాక్టివ్ ప్రోటీన్). దాన్ని 1930లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో టిలెట్, ఫ్రాన్సిస్ కనిపెట్టారు. న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ బాక్టీరియాలోని 'సీ' పదార్థానికి అతుక్కుంటుంది కనుక ఆ పేరు. తయారయ్యేది కాలేయంలో. పన్ను చీము పట్టినా పెరుగుతుంది, కాబట్టి ఆ ఒక్క అంకె చూసి హడలిపోనక్కర్లేదు.

✦

సీబీపీ (రక్తకణాల లెక్క) రిపోర్టు రాగానే హిమోగ్లోబిన్ ఒక్కటి చూసి మడిచేస్తాం. కిందనుండే తెల్లకణాల్లో లింఫోసైట్లు పడిపోయి, న్యూట్రోఫిల్స్ పెరిగితే కొవిడ్ ముదురుతోందనడానికి అదొక గుర్తు. న్యూట్రోఫిల్స్‌ను లింఫోసైట్లతో భాగిస్తే చాలు, పైసా ఖర్చు లేని పరీక్ష.

✦

డీ-డైమర్ అంటే గడ్డకట్టిన రక్తం కరిగినప్పుడు మిగిలే తునక. ఆస్పత్రిలో చేరేనాటికి అది మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము దాటినవారికి ప్రాణాపాయం ఎక్కువని 2020లో వూహాన్ కొవిడ్ రోగుల పరిశీలనలో తేలింది. అయితే గర్భిణుల్లో, ఆపరేషన్ తర్వాత, వయసు పైబడ్డాక మామూలుగానే పెరుగుతుంది.

✦

రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే, వేలికి తగిలించే ఆక్సీమీటర్ వెనకున్న సూత్రం జపాన్ ఇంజినీరు తకువో అవోయాగిది, 1970ల నాటిది. ఆయన 2020 ఏప్రిల్‌లో, సరిగ్గా ఊరూరా ఆ పరికరం కోసం వెతుకులాట మొదలైన రోజుల్లో కన్నుమూశారు. గోళ్లరంగు ఉంటే దాని లెక్క తప్పవచ్చు. ఒంటి రంగు ముదురైతే ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉందనీ ఆ ఏడాదే అమెరికా పరిశీలనలో బయటపడింది. మన చామనఛాయ వేళ్లకూ ఇది పట్టించుకోవలసిన మాటే.

✦

బ్రిటన్‌లో జరిగిన రికవరీ ప్రయోగంలో డెక్సామెథాసోన్ అనే చవక స్టెరాయిడ్ వెంటిలేటర్ మీదున్న కొవిడ్ రోగుల మరణాలను మూడోవంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం మేలు చేయలేదు. అంటే మందు ఎవరికన్న గీత గీసింది ల్యాబ్ అంకె కాదు, ఊపిరి.

✦

ఆ ఊపిరిని కొలవడానికి మన ఇళ్లలో ఎప్పటినుంచో ఒక మాటుంది: "పిల్లాడు డొక్కలెగరేస్తున్నాడు." ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి అంకెలు కట్టింది. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు నిమిషానికి 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40, అంతకు చేరినా దాటినా వేగం ఎక్కువే. పెద్దవాళ్లకు 30 దాటితే జబ్బు ముదిరినట్టే. చొక్కా పైకెత్తి, ఏడుపు మాన్పించి, వీలైతే నిద్రలో ఉండగా లెక్కపెట్టాలి. అదీ నిండు నిమిషం. పసివాళ్ల ఊపిరి ఒకే తీరున సాగదు, పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేస్తే తప్పుతుంది.